జిలేబీల చాటు ప్రేమ

ప్రశ్న: ‘ఇస్ ప్యార్ కో క్యా నామ్ దూ’ హిందీ సీరియల్లో అర్ణవ్, ఖుషీల ప్రేమ అంతకాలం నానినా ప్రేక్షకులు ఎందుకు విసుగు చెందలేదు?

జవాబు: 2011-12లో స్టార్ ప్లస్‌లో ప్రసారమైన ఆ సీరియల్లో బరుణ్ సోబ్తీ, సనయా ఇరానీ పోషించిన పాత్రలు ప్రేమను ఒప్పుకోకముందే ఒకరి అలవాట్లు మరొకరికి కంఠతా వచ్చేస్తాయి. మనసు కలత చెందితే ఖుషీ జిలేబీలు వేయడానికి కూర్చుంటుంది, అర్ణవ్‌కేమో మధుమేహం. ఆమె చేతి తీపి అతడికి కూడదన్న ఆ చిన్న చిక్కే, నా దృష్టిలో, పేజీల కొద్దీ సంభాషణల కంటే ఎక్కువ పలికింది. తీరా మనసు విప్పే వేళకు, తన అక్క భర్తతో ఖుషీకి సంబంధముందని అపార్థం చేసుకున్న అర్ణవ్, ఆరు నెలల ఒప్పందంతో ఆమెను బలవంతంగా పెళ్లాడతాడు. దానితో ఒకే ఇంట్లో ఉంటూనే మళ్లీ మొదటినుంచి నమ్మకం కూడగట్టుకోవలసి వచ్చింది. అయితే ఆ బలవంతాన్ని కథ అంత తేలికగా క్షమించడం మాత్రం నాకు నేటికీ మింగుడుపడదు.