5×7 బాత్‌రూమ్ రీమోడలింగ్: బడ్జెట్ వేసేటప్పుడు మేం ఎక్కడ తప్పాం

5 అడుగుల వెడల్పు, 7 అడుగుల పొడవున్న పాత బాత్‌రూమ్‌ను కొత్తగా చేయించాలి, బడ్జెట్ ఎలా వేసుకోవాలి, మేస్త్రీ నోటిలెక్క నమ్మొచ్చా అని అడిగారు. మేం రెండేళ్ళ కిందట సరిగ్గా ఇదే సైజు బాత్‌రూమ్ చేయించాం. అనుకున్నదాని మీద పావు వంతు ఎక్కువైంది. పది రోజులన్న పని పంతొమ్మిది రోజులు లాగింది. దెబ్బతిన్నవాడి మాట అనుకుని చదవండి.

టైల్స్ చూడ్డానికి షాపుకి బయల్దేరకముందే ఒకటి తేల్చుకోండి. కమోడ్ ఉన్నచోటే ఉంటుందా, జరుగుతుందా? వాష్‌బేసిన్ పైపు సన్నం, గోడలో గాడి కొట్టి ఎటైనా తిప్పొచ్చు. కమోడ్‌ది 4 అంగుళాల పైపు. దాన్ని జరపాలంటే వాటం కావాలి, వాటానికి నేలలో లోతు కావాలి. లోతు లేకపోతే గచ్చు ఎత్తు పెంచాలి, అప్పుడు గుమ్మం దగ్గర మెట్టొస్తుంది. మాకూ కిటికీ వైపు జరపాలని మహా సరదాగా ఉండేది. ప్లంబర్ చెప్పిన పనంతా విన్నాక ఆ సరదా తీరిపోయింది. ఉన్నచోటే ఉంచేయడం వల్ల మిగిలిన డబ్బుతోనే మంచి కుళాయిలు వచ్చాయి.

ఉన్నచోటే ఉంచినా మేం బోల్తా పడ్డాం, అదెలాగో చెప్తాను. కమోడ్ కింద నేలలోకి పోయే పైపు మధ్య నుంచి వెనక గోడ దాకా ఉండే దూరాన్ని బట్టి కమోడ్ కొనాలి. సాధారణంగా 9 అంగుళాలవీ, 12 అంగుళాలవీ దొరుకుతాయి. పాత టైల్స్ ఊడగొట్టాక నేను టేపు పెట్టి కొలిస్తే సరిగ్గా 12 వచ్చింది. హుషారుగా 12 అంగుళాలది తెచ్చేశాను. నేను కొలిచింది ఇటుక బయటపడ్డ గోడ నుంచి! దాని మీద ప్లాస్టరింగ్, సిమెంటు, టైలు కలిసి అంగుళంన్నర మందం వచ్చింది. కమోడ్ తెచ్చి పెడితే ట్యాంకు గోడకి తగిలి కూర్చోనంటుంది. షాపువాళ్ళు పెట్టె విప్పిన సరుకు వాపసు తీసుకోం అనేశారు. చివరికి 9 అంగుళాలది మళ్ళీ కొన్నాం. ఇప్పుడు వెనక సందులో చీపురు కూడా పట్టదు, అది వేరే సంగతి. మీరు మాత్రం టైలు వేశాక ఎంత దూరం మిగులుతుందో చూసి కొనండి.

గోడలోకి పోయే డైవర్టర్ (నీళ్ళని షవర్‌కో కుళాయికో మళ్ళించేది) కూడా అంతే. దాని బాడీ టైల్స్ కంటే ముందే బిగించాలి కాబట్టి ముందే కొనాలి. చాలావాటిమీద టైలు ముఖం ఎక్కడినుంచి ఎక్కడిదాకా రావచ్చో గీతలుంటాయి. ప్లంబర్‌కీ టైల్స్ మేస్త్రీకీ ఇద్దరికీ ఆ గీతలు చూపించండి, ఒకరు చెప్తే ఇంకొకరు వినరు.

ఇక బడ్జెట్. మాకైన మొత్తం ఖర్చు వందనుకుంటే అందులో లేబరే దాదాపు 35. పైపులు, వైరింగ్, వాటర్‌ప్రూఫింగ్ కలిపి 20. మిగిలింది టైల్స్, ఫిట్టింగులు. మీవి వేరుగా ఉంటాయి, కానీ తగ్గించాల్సి వస్తే ఆఖరి దాంట్లోనే తగ్గించండి. కుళాయి నచ్చకపోతే రెండేళ్ళ తర్వాత మార్చుకోవచ్చు. గోడలో పైపు కారితే మళ్ళీ సుత్తి పట్టాల్సిందే. పాత బాత్‌రూమ్ పగలగొడితే లోపల ఏముందో ముందు ఎవరికీ తెలియదు కాబట్టి, వేసిన లెక్క మీద ఇంకో 15 నుంచి 20 శాతం విడిగా పక్కన పెట్టండి. ఆ డబ్బు చూసి పెద్ద షవర్ కొనాలనిపిస్తుంది, కొనొద్దు.

టైల్స్ లెక్క తేలికే. నాలుగు గోడల చుట్టుకొలత 24 అడుగులు, 7 అడుగుల ఎత్తుకి 168 చదరపు అడుగులు. తలుపూ కిటికీ తీసేస్తే 150 లోపు. నేల 35. రెండింటికీ 10 శాతం తరుగు కలపండి. డబ్బాల మీద బ్యాచ్ నంబరు ఒకటే ఉండేలా చూసి ఒకేసారి తెచ్చుకోండి, తర్వాత తెస్తే రంగు కలవకపోవచ్చు. నేలకి జారని రకం.

మేస్త్రీ నోటిలెక్క నమ్మొచ్చా అన్నారు. ఆయన అబద్ధం చెప్పకపోవచ్చు, కానీ ఆయన లెక్కలో లేనివి చాలా ఉంటాయి. పగలగొట్టిన చెత్త కిందికి మోసి పారేయడం, మూలల్లో టైల్స్ అంచు ఏటవాలుగా కోయడం, టైల్స్ సందుల్లో నింపే గ్రౌట్, తలుపు అడుగున కోత, ఎలక్ట్రీషియన్ కూలీ, యాంగిల్ వాల్వులు, కనెక్షన్ పైపులు, బేసిన్ కింద బాటిల్ ట్రాప్... ఒక్కొక్కటీ చిన్నదే, కానీ మా బడ్జెట్ దాటింది ముఖ్యంగా వీటివల్లే. ఏది ఎవరి ఖర్చో కాగితం మీద రాయించుకోండి. డబ్బులు పని జరిగేకొద్దీ ఇవ్వండి. చివరి పది శాతం మీరు ఒక వారం స్నానం చేశాక.

వాటర్‌ప్రూఫింగ్ అయ్యాక, టైల్స్ వేయకముందు, నీళ్ళు నిలబెట్టి చూడటం మాత్రం మానొద్దు. మేం నేలలో నీళ్ళు బయటికి పోయే ట్రాపు మూసేసి, గుమ్మానికి అడ్డంగా సిమెంటు కట్ట వేసి, రెండంగుళాల నీళ్ళు పోశాం. నీటిమట్టం దగ్గర గోడమీద పెన్సిల్‌తో గీత గీశాను. మర్నాడు పొద్దున్నే వెళ్ళి చూస్తే నీళ్ళు గీతకి అర అంగుళం పైగా కిందికి దిగి ఉన్నాయి. కొద్దిగా ఆవిరైపోవడం మామూలే, ఇంత దిగితే కాదు. వెతికితే కమోడ్ పైపు శ్లాబులోకి దిగేచోట చుట్టూ సన్నటి సందు. దాన్ని పూడ్చి, మళ్ళీ 24 గంటలు నిలబెట్టాం. ఇదంతా నాలుగు రోజులు తినేసింది, మేస్త్రీ విసుక్కున్నాడు. అయినా కింద ఇంటివాళ్ళు గోడ చెమ్మ చూపించడానికి ఇంతవరకూ మా తలుపు తట్టలేదు.

టైల్స్ మూసేయకముందు నాలుగు గోడలకీ టేపు ఆనించి ఫోన్‌లో ఫొటోలు తీసుకోండి. మొన్న టవల్ రాడ్ బిగించేటప్పుడు ఆ ఫొటో తెరిచి చూస్తే, డ్రిల్ పెట్టబోయిన చోటే గీజర్ వేడినీళ్ళ పైపు ఉంది.