నడక కబుర్లు: మోకాలిదా తప్పు, సముద్రానిదా?

(బరంపురంలో స్థిరపడిన ఒక రిటైర్డ్ టీచరమ్మ ఈ శీర్షికలో పాఠకుల ప్రశ్నలకు జవాబులు రాస్తారు.)

ప్రశ్న: మాది ఇచ్ఛాపురం. వయసు యాభై ఎనిమిది. డాక్టరు నడవమన్నారు. మా చెల్లెలు బరంపురంలో ఉంటుంది. ఆదివారం పొద్దున్నే ఇద్దరం గోపాల్‌పూర్ బీచ్‌కి వెళ్తున్నాం. మొదటి వారం హాయిగా నడిచాం. తర్వాతి ఆదివారం అదే చోటికి, అదే టైముకి వెళ్తే కాళ్ళు ఇసుకలో దిగబడి మోకాలు పట్టేసింది. ఇది నా మోకాలి తప్పా?

జవాబు: మోకాలిని తిట్టకండి తల్లీ, తప్పు చంద్రుడిది. సముద్రం రోజుకు రెండుసార్లు పోటెత్తి రెండుసార్లు దిగుతుంది. ఆ వేళలు రోజుకు దాదాపు 50 నిమిషాల చొప్పున ఆలస్యమవుతూ పోతాయి. ఏడు రోజులకు లెక్కేయండి, ఆరు గంటలు దగ్గర దగ్గర. అంటే ఈ ఆదివారం పొద్దున ఆరింటికి నీళ్ళు బాగా దిగి ఉంటే, వచ్చే ఆదివారం అదే ఆరింటికి పోటు మీద ఉంటాయి. మళ్ళీ ఆ పై ఆదివారం బాగుంటుంది. మీకు అచ్చం ఇదే జరిగింది. వారం వారం ఒకే టైముకి బీచ్‌కి వెళ్దామనుకునేవాళ్ళకి వారం విడిచి వారం ఈ తిప్పలు తప్పవు.

నీళ్ళు దిగినప్పుడు బయటపడే తడి ఇసుక గచ్చులా గట్టిగా, చదునుగా ఉంటుంది. పోటు వేళ ఆ పట్టీ మునిగిపోతుంది. ఇక మనకి మిగిలేది పైనున్న పొడి ఇసుక, అది కూడా వాలుగా ఉండేది. పొడి ఇసుకలో నడక పాతికేళ్ళ కుర్రాళ్ళకి వ్యాయామం, మనకి శిక్ష.

టైము ఎలా తెలుస్తుందంటారా? ఫోన్లో చూసుకోవచ్చు. నేనైతే ముందురోజు అక్కడి పల్లెకారులని అడుగుతాను. గోపాల్‌పూర్‌లో తెప్పల మీద వేటకు వెళ్ళే నోలియాలది మన తెలుగే. "రేపు పొద్దున నీళ్ళు ఎప్పుడు దిగుతాయి బాబూ?" అంటే టక్కున చెప్తారు. ఆ చెప్పిన వేళకి గంట ముందు మొదలుపెట్టి, గంట తర్వాతకి ముగించండి.

ఇంకో సంగతి. మా తీరంలో దక్షిణం వైపు నడిస్తే సముద్రం ఎడమ చేతి వైపు ఉంటుంది. వాలు వల్ల ఎడమ కాలు ఎప్పుడూ కాస్త కిందికి పడుతుంది. అలాగే అంతదూరం నడిచి, తిరుగు ప్రయాణం ఆటోలో చేస్తే భారమంతా ఒక కాలి మీదే పడుతుంది. వెళ్ళిన దారినే తిరిగి రండి, రెండో కాలు కూడా తన వంతు మోస్తుంది. లైట్‌హౌస్ దగ్గర మొదలుపెట్టి, జనం పలచబడేదాకా వెళ్ళి వెనక్కి తిరిగితే చాలు. కాళ్ళు తడుపుకోండి గానీ మోకాలి లోతు కూడా దిగకండి, అక్కడ అల వెనక్కి లాగే ఊపు చాలా ఎక్కువ. షుగర్ ఉంటే మాత్రం ఒట్టి కాళ్ళతో వద్దు. గవ్వ ముక్క గుచ్చుకున్నా తెలియదు.

మరి పోటు ఉన్న ఆదివారం? ఛత్రపూర్ వెళ్ళండి. అక్కడ తంపరా చెరువు ఉంది. సముద్రానికి అంత దగ్గరలో ఉన్నా మంచినీళ్ళే. 2022లో రామ్‌సర్ జాబితాలో, అంటే ప్రపంచస్థాయిలో ముఖ్యమైనవిగా గుర్తించిన చిత్తడి నేలల జాబితాలో, చేరినవాటిల్లో అదీ ఒకటి. చెరువు పక్కన నేల గట్టిగా ఉంటుంది, చలికాలమైతే పక్షులు. అక్కడినుంచి సముద్రం వైపు పోతే సరుగుడు, జీడిమామిడి తోటల నీడ. 2013 అక్టోబరు 12న ఫైలిన్ తుపాను గోపాల్‌పూర్ దగ్గర తీరం దాటినప్పుడు ఈ సరుగుడు చెట్లు ఎన్ని పడిపోయాయో చెప్పలేను. మళ్ళీ నాటినవి ఇప్పుడు నీడనిస్తున్నాయి. ఆ ఇసుకలో నల్లగా మెరిసేది ఇల్మనైట్ అనే ఖనిజం. తొమ్మిది దాటితే నల్ల ఇసుక పెనంలా కాలుతుంది, చెప్పులు విప్పకండి. జీడిగింజ పచ్చిది దొరికితే పిల్లల చేతికి ఇవ్వకండి, దాని జీడి చర్మాన్ని బొబ్బలెక్కిస్తుంది.

ప్రశ్న: మేము బరంపురం గేటుబజార్ దగ్గర ఉంటాం. రుషికుల్య నది ముఖద్వారం దగ్గర తాబేళ్ళని చూడటానికి రాత్రి పూట నడుచుకుంటూ వెళ్ళొచ్చా? మా పాప ఒకటే గొడవ.

జవాబు: మీ పాప గొడవ న్యాయమైనదే, కానీ రాత్రి వద్దు. ఆలివ్ రిడ్లే తాబేళ్ళు గుంపుగా గుడ్లు పెట్టడానికి వచ్చేది ఎక్కువగా ఫిబ్రవరి, మార్చి నెలల్లో. 2025లో ఆరు లక్షలకు పైగా వచ్చాయి. కొన్నేళ్ళు అసలు గుంపుగా రానే రావు. తేదీ చెప్పి టికెట్టు కొనుక్కునే వ్యవహారం కాదు. ఆ రోజుల్లో అటవీశాఖ కాపలా పెడుతుంది, కంచె కడుతుంది. టార్చిలైటు పడితే ఒడ్డుకి వచ్చేది వెనక్కి తిరిగిపోతుంది. సెల్ఫీల కోసం తాబేలు పక్కన కూర్చునే పెద్దమనుషుల గురించి నేను ఇక్కడ రాస్తే ఎడిటరు గారు కొట్టేస్తారు.

మీరు ఏప్రిల్‌లో, ఎండ ముదరకముందే, తెల్లవారాక ఆ తీరంలోనే ఉన్న పురుణాబంధ ఊరి వైపు వెళ్ళండి. గుడ్లు పొదగడానికి ఇంచుమించు 45 నుంచి 55 రోజులు పడుతుంది. లెక్క కుదిరితే పిల్లలు ఇసుకలోంచి బయటికొచ్చి నీళ్ళ వైపు పాకడం కనిపిస్తుంది. చేత్తో ఎత్తి నీళ్ళలో వేయకండి, వాటి నడక వాటిని నడవనివ్వాలి. కాపలావాళ్ళు ఎక్కడ నిలబడమంటే అక్కడే నిలబడండి. గుడ్లున్న ఇసుకని కాళ్ళతో తొక్కకూడదు కనుక, ఈ నడకలో నడిచేది తక్కువ, నిలబడేది ఎక్కువ అని పాపకి ముందే చెప్పండి.

అక్కడిదాకా వెళ్ళాక పాత పొడంపేట కూడా చూపించండి. సముద్రం కోసుకుపోతుంటే ఊరు ఖాళీ చేసి లోపలికి వెళ్ళిపోయారు. సగం మిగిలిన గోడలు ఉన్నాయి. వాటి కిందికి మాత్రం పోకండి.

ప్రశ్న: పర్లాకిమిడి నుంచి రాస్తున్నాను. రిటైరయ్యాను. గుండెకు స్టెంట్ వేశారు. మహేంద్రగిరి ఎక్కాలని కోరిక. మా అబ్బాయి వద్దంటున్నాడు. మీరైనా చెప్పండి, లేదా నీడన నడిచే అడవి దారి ఏదైనా చూపండి.

జవాబు: మాస్టారూ, మీ అబ్బాయి పక్షమే నేను. మహేంద్రగిరి 1,501 మీటర్లు. కుంతి గుడి, భీముడి గుడి ఎక్కడికీ పోవు. ముందు డాక్టరు గారిని అడిగి, ఆయన సరేనంటే అప్పుడు చూద్దాం.

అంతవరకూ మోహన మీదుగా వచ్చి ఒక రాత్రి ఉండేలా చూసుకోండి. చంద్రగిరి దగ్గర 1963లో టిబెటన్లు వచ్చి స్థిరపడ్డారు. వాళ్ళ మొక్కజొన్న చేల మధ్య ఊరి రోడ్ల మీద మెల్లగా నడవచ్చు. జీరంగ్‌లో పెద్ద బౌద్ధారామం ఉంది, 2010లో దలైలామా వచ్చి ప్రారంభించారు. అక్కడ కూర్చోవడానికి చోటుకి కొదవ లేదు, స్టెంట్ ఉన్నవాళ్ళకి నడకదారి ఎంత ముఖ్యమో కూర్చునే చోటూ అంతే ముఖ్యం. తర్వాత బరంపురం దారిలో తప్తపాణి. గంధకం వాసన వేసే వేడినీటి ఊట, చుట్టూ అడవి. అక్కడ నీడన ఇటూ అటూ తిరగండి, లోపలికి చొరబడకండి.

రెండు జాగ్రత్తలు. గజపతి జిల్లా అడవుల్లో ఏనుగులున్నాయి. ఇప్పపూలు రాలే మార్చి, ఏప్రిల్‌లో తెల్లవారుజామున ఎలుగుబంట్లు వాటికోసం వస్తాయి. కాబట్టి సూర్యోదయమయ్యాకే బయల్దేరండి, చీకటిపడకముందే గదికి చేరండి. తొందరగా లేచేవాళ్ళకి ఇది కష్టమే, నాకు తెలుసు. టీ తాగుతూ కూర్చోండి.

ప్రశ్న: వానాకాలంలో రంగైలుండా వైపు మొగలిపొదల పక్కన నడవాలంటే భయంగా ఉంది. వాసనకి పాములు వస్తాయంటారు, నిజమేనా?

జవాబు: పూల వాసనకి కాదు. పొదల కింద చల్లగా, గుబురుగా ఉంటుంది, ఎలుకలు, కప్పలు ఉంటాయి, వాటికోసం వస్తాయి. పొదలోకి చెయ్యి పెట్టకుండా, దారి మధ్యలో నడిస్తే చాలు. నాకు పాముకంటే మొగలి ఆకు అంచు అంటేనే భయం, రంపపు పళ్ళు. దుప్పట్టా తగిలిందంటే చిరిగిందే.

పువ్వు కోయకండి. గంజాం మొగలిపువ్వుకి భౌగోళిక గుర్తింపు (జీఐ ట్యాగ్) ఉంది. పొద్దున్నే కోసి అత్తరు బట్టీలకి అమ్ముకునే కుటుంబాలు ఆ పొదల మీదే బతుకుతున్నాయి. ఒకటి కావాలంటే వాళ్ళ దగ్గరే కొనుక్కోండి.

ప్రశ్న: అస్కాలో మా అత్తగారిల్లు. సంక్రాంతికి వస్తాం. పిల్లలతో ఒక పూట నడిచే చోటు చెప్పండి. కొండ వద్దు, ఇసుక వద్దు.

జవాబు: భేట్నోయి. పొలాల్లో కృష్ణజింకలు తిరుగుతుంటాయి. అవి ఉంటే వానలు పడతాయని ఊళ్ళవాళ్ళ నమ్మకం, పంట మేసినా తరమరు. సంక్రాంతికి వరి కోతలు అయిపోయి ఉంటాయి, దూరం దాకా కనిపిస్తుంది. పొలం గట్ల మీద వద్దు, ఊరి రోడ్డు మీదే నడవండి. పిల్లలకి ఎర్ర చొక్కా, గాలిపటం రెండూ ఆ పూటకి ఇంట్లో ఉంచండి. బైనాక్యులర్ ఉంటే తీసుకెళ్ళండి, లేకపోతే అత్తగారి ఊళ్ళో ఎవరినైనా అడిగి చూడండి. పొద్దున ఏడింటికల్లా అక్కడ ఉంటే, తొమ్మిదిన్నరకి అస్కాలో టిఫినుకి తిరిగి వచ్చేయొచ్చు.