ప్రామ్ రాత్రి కారు తాళాలు ఇవ్వాలా?

ప్రశ్న: మేం న్యూజెర్సీలో ఉంటాం. మా అబ్బాయికి 17 ఏళ్లు, ఈమధ్యే లైసెన్స్ వచ్చింది. వచ్చే వారం స్కూల్లో ప్రామ్, అంటే పెద్ద క్లాసుల పిల్లలకు పెట్టే డాన్స్ పార్టీ. నలుగురు ఫ్రెండ్స్‌ని ఎక్కించుకుని తనే నడుపుతాడట. ఆ తర్వాత ఎవరింట్లోనో పార్టీ. వద్దంటే "నా మీద నమ్మకం లేదా" అని అలిగి అన్నం మానేశాడు. మావారేమో "ఒక్క రాత్రేగా, వెళ్లనీ" అంటున్నారు. ఏం చేయను?

జవాబు: అమ్మా, సగం గొడవ మీ రాష్ట్ర చట్టమే తీర్చేసింది. మీవాడిది ప్రొబేషనరీ లైసెన్స్, అంటే కొత్త డ్రైవర్లకు షరతులతో ఇచ్చేది. రాత్రి 11 దాటితే మళ్లీ ఉదయం 5 దాకా దాంతో కారు నడపకూడదు. అమ్మో నాన్నో పక్కన లేకుండా ఒక్కరికి మించి ఎక్కించుకోకూడదు. ఇలాంటి కుర్ర డ్రైవర్ల నంబర్ ప్లేట్ల మీద అంటించే ఎర్ర స్టిక్కర్లు పోలీసులు గుర్తుపట్టడానికే. ఇందులో నమ్మకం ప్రసక్తే లేదు. ఈ మాట మీకంటే మీవారు చెబితే బాగుంటుంది. అన్నం గురించి టెన్షన్ పడకండి, ఆకలేస్తే వాడే తింటాడు.

వద్దని ఊరుకోకుండా ఎలా వెళ్లాలో కూడా చూడండి. మిగతా పిల్లల ఇళ్లకు ఫోన్ చేసి, అందరూ కలిసి లిమో (డ్రైవర్‌తో అద్దెకిచ్చే పొడవాటి కారు) మాట్లాడుకోండి. లేదంటే ఒకరి నాన్న దింపి, ఇంకొకరి నాన్న తీసుకురావచ్చు. కాస్త దూరంలోనే దింపమనండి. సూటూ బూటూ వేసుకుని నాన్న వ్యాన్‌లోంచి దిగడం ఆ వయసులో ఎంత నామోషీయో! పార్టీ ఇచ్చేవాళ్ల ఇంట్లో పెద్దవాళ్లుంటారా అని కూడా మొహమాటపడకుండా అడగండి.

అసలు సంగతి వేరే ఉంది. 21 నిండనిదే మందు తాగకూడదని చట్టం ఉన్నా పార్టీల్లో తాగుతారు. రాత్రి ఒంటిగంటకి, తాగిన ఫ్రెండ్ "ఎక్కరా, దింపేస్తా" అంటే మీవాడు మీకు ఫోన్ చేస్తాడా? మన ఇళ్లలో చాలామంది పిల్లలు చేయరు. తిడతారని, సంగతి ఇండియాలో తాతయ్యదాకా వెళ్తుందని భయం. ఆ భయంతోనే కారెక్కేస్తారు. అందుకే ఇప్పుడే చెప్పండి: "నువ్వే తాగి ఉన్నా సరే, ఫోన్ చెయ్యి. వచ్చి తీసుకెళ్తాం, ఆ రాత్రి ఒక్క మాటా అనం." అన్నాక ఆ మాట మీద నిలబడాలి. దారిలో క్లాసు పీకడం, తెల్లారాక పిన్నికి ఫోన్ చేసి చెప్పడం రెండూ వద్దు. అడగాల్సినవి వాడు నిద్రలేచి, తిని, కుదుటపడ్డాక అడగండి.

ఫ్రెండ్స్ ముందు ఫోన్ చేయడానికి సిగ్గుపడొచ్చు. "నా చార్జర్ ఇంట్లో ఉందా?" అని మెసేజ్ పెట్టమనండి. అది రాగానే మీరే ఫోన్ చేసి "కదలకు, వస్తున్నాం" అని గట్టిగా కేకలేయండి. చెడ్డపేరు మీకొస్తుంది, వాడి పరువు నిలుస్తుంది.

ఆ రోజు మీవారికి వీకెండ్ పార్టీ ఉంటే మానుకోమనండి. పిలిస్తే వెళ్లడానికి ఇంట్లో ఒకరైనా మందు ముట్టకుండా, మెలకువగా ఉండాలి కదా.