ఒకటో తరగతికి వారం పని: ఒడిశా సరిహద్దు ఊరు పర్లాకిమిడి వైపు బడిలో టీచరుగా చేరిన అమ్మాయికి

చిరంజీవి అమ్మాయికి ఆశీస్సులు.

ఇరవై నాలుగు మంది పిల్లలు, ఒకే గదిలో ఒడియా గంట, తెలుగు గంట, లెక్కలు. వారానికి ఏమేం చేయించాలని అడిగావు. వారానికి నాలుగు అక్షరాలు చాలమ్మా. 'అ' మొదలు వరసగా దిద్దించుకుంటూ పోతే దసరా దాటినా పిల్ల ఒక్క మాట చదవలేదు.

మొదటి వారానికి త, ల, ప, క తీసుకో. తల, కల, లత, పలక, కలత అన్నీ వాటితోనే వస్తాయి. గుణింతం అక్కర్లేదు. వ మాత్రం ఈ వారం వద్దు. ప, వ ఒకేసారి చూపిస్తే రెండూ కలిసిపోతాయి, విడదీయడానికి నెల పడుతుంది.

సోమవారం సుద్దముక్క ముట్టుకోకు. నోటితోనే పని. 'పలక' అంటూ మూడు చప్పట్లు, 'తల' అంటూ రెండు. మాటను ముక్కలుగా వినలేని పిల్లకు అక్షరం ఉత్త బొమ్మే. అక్కడి కొండజాతి వాళ్ళైన సవరల ఇళ్ళ పిల్లలు ఉంటే వాళ్ళ మాటలకూ చప్పట్లు కొట్టించు. సవరలకు సవర భాషలోనే వాచకాలు రాసిన గిడుగు రామమూర్తి గారు పాఠాలు చెప్పిన ఊరు పర్లాకిమిడి. ఆ పక్క బడిలో ఇంటి మాటకు చోటు లేకపోతే ఎలా?

మంగళ, బుధవారాలు అక్షరాలకు. నేల మీద ఇసుకలో వేలితో రాయించి, ఆ తర్వాతే పలక ఇయ్యి. నలుగురికో జట్టు, జట్టుకు ఎనిమిది అట్టముక్కలు, ఒక్కో అక్షరానికి రెండేసి. ముక్కలు పేర్చి మాట కట్టాలి, కట్టినది పైకి చదవాలి.

ఇక్కడ ఒక చిక్కు ఉంది, సరిహద్దు బడుల్లో అందరికీ ఎదురయ్యేదే. ఒడియాలో ఒట్టి హల్లుకు 'ఒ' వంటి పలుకు ఉంటుంది. అందుకే పిల్లలు 'కల'ను 'కొలొ' అంటారు. తిట్టకు, రెండో లిపి పలుకు అది. ఒడియా పటం ఒక గోడకు, తెలుగు పటం ఎదురు గోడకు కట్టు. ఏ గంట అయితే ఆ గోడ వైపు కూర్చోబెట్టు. ఎ-ఏ, ఒ-ఓ తేడా ఒడియా రాతలో లేదు కాబట్టి, గుణింతాలు మొదలయ్యాక మెడ-మేడ, కొన-కోన జంటలు రోజుకు ఐదు నిమిషాలు చెవికి వినిపించు.

లెక్కలకు చింతపిక్కలు, చీపురుపుల్లలు చాలు. జట్టుకు ఇరవై పిక్కలు. కుప్పగా పోసి లెక్కపెడితే నోరు ముందుకు పోతుంది, వేలు వెనకబడుతుంది. వరసగా పేర్చి, ఒక్కోటి జరుపుతూ లెక్కపెట్టించు. పిల్లలు ముక్కులో దూర్చుకుంటారు కనక, ఇచ్చేటప్పుడు ఎన్నో తీసుకునేటప్పుడూ అన్నే ఉండాలి. 'ఇరవై తొమ్మిది, ఇరవై పది' అనే పిల్లకు పది పుల్లలకో కట్ట కట్టించు. రెండు కట్టలు, తొమ్మిది విడిపుల్లలు. ఇంకొకటి వేస్తే మూడో కట్ట అవుతుంది. ఒడియా నాలుగు అంకె ఇంచుమించు 8లాగే ఉంటుంది. జవాబు తప్పుగా కనబడితే ముందు నోటితో చెప్పమను.

మీ ఊరి సంత మర్నాడు గదిలో సంత పెట్టు. ఐదు, పది రూపాయల కాగితం నోట్లు, నిజం దుంపలు, అరటికాయలు. అమ్మేవాళ్ళూ కొనేవాళ్ళూ పది నిమిషాలకోసారి మారాలి, లేకపోతే గట్టి పిల్లలే అంగడి వదలరు. శుక్రవారం బొమ్మ గీయించి, కింద నేర్చిన ఒక మాట రాయించు.

పరీక్ష శనివారానికి అట్టిపెట్టకు. గురువారం నుంచి రోజుకు ఎనిమిది మందిని పక్కకు పిలు, తలా ఒక నిమిషం. నాలుగు అక్షరాలు, చదివిన రెండు మాటలు, ఎన్నడూ చూపని ఒక మాట. మొదటి వారానికి ఆ చూపని మాట 'కలప'. పలకలోని మూడు అక్షరాలే తారుమారయ్యాయి. దాన్ని 'పలక' అన్న పిల్ల రూపం బట్టీ పట్టింది, చదవడం లేదు. జట్టుల్లో ఎవరైనా కలప కట్టేస్తే మెచ్చుకో, ఆ పిల్లకు మాత్రం 'కపల' అని అర్థం లేని మాట ఇచ్చి చూడు.

ఆ చూపని మాట చదవలేనివాళ్ళు ఆరుగురికి మించితే వచ్చే వారం రెండే కొత్త అక్షరాలు, పాతవి నాలుగూ మళ్ళీ. ఆరుగురిలోపే అయితే నాలుగు కొత్తవి వేసి, వాళ్ళను రోజూ బడి మొదలయ్యే ముందు పదినిమిషాలు నీ దగ్గర కూర్చోబెట్టుకో. శనివారం సాయంత్రం గది తాళం వేసేలోపు ఆ పేర్లు నోటుబుక్కులో రాసుకో. సోమవారానికి మరిచిపోతావు.

ఆశీస్సులతో,
మీ మాస్టారు