చిన్న ఫ్రేము, ముందు చక్రం, కాలి వేళ్లు

చిరంజీవి స్రవంతికి, పెదనాన్న ఆశీస్సులు.

నువ్వు పంపిన రెండు సైకిళ్ల కొలతల చార్టులూ తీరిగ్గా చూశాను. మొదటిదాని మీద యూటర్న్ తిప్పుతుంటే బూటు ముందు చక్రానికి తగిలిందనీ, ఆ భయంతో షాపతను చూపించిన రెండోదానివైపు మొగ్గుతున్నాననీ రాశావు. తొందరపడకమ్మా. ఆ రెండోదే నిన్ను ఎక్కువ ఇబ్బంది పెడుతుంది.

అసలు తగలడం ఎందుకో ముందు చూడు. పెడళ్లు బిగించిన కడ్డీలు క్రాంకులు, అవి తిరిగే చోటు బీబీ. దాని మధ్య నుంచి ముందు చక్రం ఇరుసు దాకా ఉండే దూరాన్ని చార్టులో ఫ్రంట్ సెంటర్ అని రాస్తారు. నీ మొదటి సైకిల్‌కి అది 575 మిల్లీమీటర్లు. అందులోంచి 28 మిల్లీమీటర్ల వెడల్పు టైరు వేసిన 700సీ సైజు చక్రం వ్యాసార్ధం 339, క్రాంకు 165 తీసెయ్. పెడల్ ఇరుసుకీ టైరుకీ మధ్య మిగిలే జాగా 71. పెడల్ ఇరుసు నుంచి నీ బూటు కొస దాకా కొలిస్తే ఎలా చూసినా 80 ఉంటుంది. మరి తగలదూ? అమెరికా భద్రతా నిబంధనల్లో పాదాన్ని పెడల్‌కి పట్టి ఉంచే టో క్లిప్పుల్లాంటివి లేని సైకిల్‌కి ఈ జాగా కనీసం 89 మిల్లీమీటర్లు ఉండాలని ఉంది. అయిదడుగుల మనిషికి సరిపడే ఫ్రేములో 700సీ చక్రాలు పెట్టి అంత జాగా తేవడం చాలా కష్టం. మీ తాతయ్య తొక్కిన 28 అంగుళాల సైకిల్‌కి చక్రం ఇంకా పెద్దది, కానీ ముందు చక్రాన్ని పట్టుకునే ఫోర్కు బాగా వాలి ముందుకు సాగి ఉండేది. చెప్పు కొస దాని దరిదాపులకు కూడా వెళ్లేది కాదు.

రెండోదాంట్లో జాగా ఎలా వచ్చిందో చూశావా? ఫోర్కు తిరిగే గీత నేలతో చేసే కోణాన్ని, అంటే హెడ్ యాంగిల్‌ని, 73 డిగ్రీల నుంచి 70.5కి వాల్చేశారు. ఆ గీత నుంచి చక్రం ఇరుసు ఎంత ముందుకు ఉందో చెప్పే ఫోర్కు ఆఫ్‌సెట్ మాత్రం రెంటికీ అదే 45. ఫోర్కు తిరిగే గీతను నేల దాకా పొడిగిస్తే అది తాకే చోటుకీ, టైరు ఆనే చోటుకీ మధ్య దూరమే ట్రెయిల్. మొదటిదానికి అది 57 మిల్లీమీటర్లు వస్తుంది, రెండోదానికి 72. ట్రెయిల్ పెరిగితే వేగంగా పోతున్నప్పుడు సైకిల్ తిన్నగానే పోతుంది. నెమ్మదిగా పోతున్నప్పుడే తంటా. అనంతగిరి గుట్ట ఎక్కుతూ గంటకు ఏడెనిమిది కిలోమీటర్ల వేగానికి దిగావనుకో, కొంచెం తిప్పితే చాలు హ్యాండిల్ తనంతట తాను పక్కకి పడిపోతూ ఉంటుంది. నువ్వు రెండు చేతులా వెనక్కి లాక్కుంటూనే ఉండాలి. బూటు ఎప్పుడో ఒకసారి తగులుతుంది, ఈ బాధ మాత్రం ఎక్కినంతసేపూ ఉంటుంది.

ఆ రెండోదానికి ఫోర్కు ఆఫ్‌సెట్ 58 పెట్టి ఉంటే ట్రెయిల్ మళ్లీ 58 దగ్గరికి వచ్చేది, జాగా ఇంకా పెరిగేది. కానీ చాలా కంపెనీలు ఒకే ఫోర్కు అన్ని సైజులకీ వేసేస్తాయి. చిన్న సైజు కొనేవాళ్ల మీద ఆ భారం పడటం నాకు నచ్చదు. అలాగని మొదటి సైకిల్‌కి నువ్వు 58 ఫోర్కు తెచ్చి వేయించకు. 73 డిగ్రీల దగ్గర ట్రెయిల్ 43కి దిగిపోయి హ్యాండిల్ మరీ చురుకైపోతుంది.

ఇంకో సంగతి, సీటు దగ్గర్నుంచి హ్యాండిల్ వైపు పోయే టాప్ ట్యూబ్ పొడవు చూసి మోసపోకు. సీటుని మోసే సీట్ ట్యూబ్ నిటారుగా నిలబెడితే ఆ అంకె చిన్నదిగా కనిపిస్తుంది. నువ్వు చూడాల్సింది రీచ్, అంటే బీబీ నుంచి హ్యాండిల్ తిరిగే గొట్టం పైకొస దాకా అడ్డంగా కొలిచే దూరం.

నా మాట వింటే 700సీ కన్నా చిన్నవైన 650బి చక్రాల ఫ్రేము దొరుకుతుందేమో వెతుకు. అక్కడా టైరు చూసుకోవాలి. 650బికి 47 టైరు వేస్తే వ్యాసార్ధం మళ్లీ అదే 339, ఏమీ మిగలదు. 32 వేస్తే 324కి దిగుతుంది, 15 మిల్లీమీటర్లు కలిసొస్తాయి. అది దొరక్కపోతే మొదటి సైకిలే తీసుకో.

తగలడం గురించి భయపడాల్సింది నెమ్మదిగా తిప్పేటప్పుడే. వేగంలో సైకిల్‌ని వాల్చి తిప్పుతాం, హ్యాండిల్ కదిలేది చాలా తక్కువ. కుడివైపు యూటర్న్‌లో చక్రం వెనక అంచు ఎడమ కాలివైపు వస్తుంది. కాబట్టి తిప్పే ముందు తొక్కడం ఆపి, కుడి పెడల్ ముందుకీ ఎడమది వెనక్కీ పెట్టుకో. ఎడమకి తిప్పితే దీనికి రివర్సు. మీ వీధిలో పొద్దున్నే బండ్లు లేనప్పుడు పది రోజులు సాధన చెయ్యి, కాలికి అలవాటైపోతుంది. పాదం మధ్యభాగంతో తొక్కే అలవాటుంటే మానుకో, బూటు అంత ముందుకు పోతుంది.

మడ్‌గార్డు విషయంలో మాత్రం గట్టిగా చెబుతున్నాను. టైరుకి తగిలితే బూటు రాసుకుని పోతుంది, మడ్‌గార్డు కడ్డీకి చిక్కుకుంటే పడిపోతావు. వానాకాలానికి వేయించుకుంటానన్నావు కదా, షాపులోనే బిగించమని, నువ్వు రోజూ వేసుకునే బూట్లతోనే ఇంకోసారి తిప్పి చూడు. కడ్డీలు లాగితే ఊడొచ్చే రకం క్లిప్పులు ఉన్నవే అడుగు.

650బి ఏదైనా కంటపడితే డబ్బు కట్టకముందే చార్టు ఫోటో తీసి పంపు. ఫోర్కు ఆఫ్‌సెట్ అందులో లేకపోతే షాపతన్ని అడిగి రాయి, లెక్క నేను చేసి పెడతాను.

ఉంటాను,
పెదనాన్న