వీఆర్‌లో (వర్చువల్ రియాలిటీ, అంటే కళ్లకు పెట్టుకునే హెడ్‌సెట్‌లో) కుక్క చూపు, ఆవు చూపు, తేనెటీగ చూపు బడిపిల్లలకు నిజంగా చూపించొచ్చా?

చూపించొచ్చు, కాకపోతే అన్ని జంతువులకూ ఒకేలా కుదరదు.

కుక్కతో మొదలుపెట్టండి, అదే తేలిక. రంగులు పట్టే శంకు కణాలు మనకు మూడు రకాలుంటే కుక్కకు రెండే, అందుకే నీలం, పసుపు బాగానే తెలుస్తాయి గానీ ఎరుపు, ఆకుపచ్చల మధ్య తేడా పెద్దగా తెలియదు. మిర్చి సీజన్‌లో వరంగల్ ఎనుమాముల మార్కెట్‌లో 360 డిగ్రీల వీడియో ఒకటి తీసి, రంగుల ఫిల్టర్ వేసి హెడ్‌సెట్‌లో పెట్టి చూడండి: అంత ఎర్రటి మిర్చి రాశి కాస్తా మాసిన గోధుమరంగు కుప్పయిపోతుంది, పక్కనున్న నీలం టార్పాలిన్ మాత్రం కొట్టొచ్చినట్టు కనిపిస్తుంది. పైగా కుక్కకు మనంత స్పష్టంగా కనిపించదు, కొంచెం మసక కూడా కలపాలి.

ఆవు దగ్గరే చిక్కు. కళ్లు తలకు రెండు పక్కలా ఉండటంతో అది దాదాపు 330 డిగ్రీల మేర చూస్తుంది, మామూలు హెడ్‌సెట్ చూపేది 100 డిగ్రీల అటూ ఇటూ. అంత దృశ్యాన్ని ఇంతలో కుక్కితే దూరాలు తేడాగా అనిపించి కొందరికి కళ్లు తిరుగుతాయి (కూర్చోబెట్టే చూపించండి).

ఇక తేనెటీగ చూసే అతినీలలోహిత కాంతిని హెడ్‌సెట్ తెర అసలు ఇవ్వదు, ఇచ్చినా మన కంటికి కనపడదు. తేనెటీగ చూపును చూపించే యాప్‌లో పూరేకుల మీద మెరిసే గీతలు నిజమే, రంగు మాత్రం మనం వేసిందే. ఆ సంగతి పిల్లలకు ముందే చెప్పాలి. వీలైతే ముందు హన్మకొండ కాకతీయ జూలో జింక కళ్లు కూడా ఆవు కళ్లలా తలకు పక్కల ఎక్కడున్నాయో చూపించండి, తర్వాత హెడ్‌సెట్ పెడితే ప్రశ్నలు వాళ్లే అడుగుతారు.