కాశీలో తొమ్మిది రాత్రులు: సత్రమా, లాడ్జా, హోమ్‌స్టేనా?

ప్రశ్న: కార్తీకంలో అమ్మానాన్నలను కాశీ తీసుకెళ్తున్నాం. తొమ్మిది రాత్రులు ఉండాలని అమ్మ మొక్కు. ఆమెకు 71 ఏళ్లు, మోకాళ్ల నొప్పులు. నాన్న సత్రం అంటున్నారు, మావారు లాడ్జి, మా అమ్మాయి హోమ్‌స్టే. వీటిలో తేడా ఏమిటి? మాకు ఏది నయం?
– ఒక పాఠకురాలు, తెనాలి

జవాబు: అమ్మా, ముందుగా మీ అమ్మగారి మోకాళ్ల గురించే చెప్తాను. మా అమ్మను తీసుకెళ్లినప్పుడు నేను చేసిన పొరపాటు అదే. గంగ కనబడుతుందని ఘాట్ పక్కన ఒక గెస్ట్‌హౌస్‌లో మూడో అంతస్తు గది తీసుకున్నాను. కాశీలో గెస్ట్‌హౌస్ అంటే చాలాచోట్ల గదులుగా మార్చిన పాత ఇల్లే. మెట్లు ఇరుగ్గా, ఎత్తుగా ఉంటాయి, లిఫ్ట్ ఉండదు. అమ్మ ఒక చేత్తో చీర కుచ్చిళ్లు, ఇంకో చేత్తో గోడ పట్టుకుని ఎక్కేది. పైకి చేరేసరికి అరచేయంతా సున్నం. రెండో రోజు సాయంత్రం "హారతికి మీరు వెళ్లిరండి, నేను ఇక్కడే ఉంటా" అంది. ఆ మాట ఇప్పటికీ నా చెవుల్లోనే ఉంది.

మూడో రోజు సత్రానికి మారాం. సత్రం యాత్రికుల కోసం దాతలు కట్టించింది. గది తలుపు మీద "ఫలానా వారి జ్ఞాపకార్థం" అని పలక కనిపిస్తుంది. కొన్నిచోట్ల అద్దె తీసుకుంటారు, కొన్నిచోట్ల విరాళం రాయమంటారు. మధ్యాహ్నం భోజనానికి ముందే పేర్లు చెప్పాలి, వేళ దాటితే వడ్డించరు. ఉల్లి, వెల్లుల్లి ఆశించకండి. రాత్రి గేటు వేసేస్తారు. అయినా చుట్టూ తెలుగు మాట, పప్పన్నం, పిండప్రదానానికి పురోహితుడెవరో చెప్పే మనిషి దొరుకుతారు. గయకు వెళ్లే బండిలో రెండు సీట్లు ఉన్నాయని పక్క గదివాళ్లే వచ్చి చెప్పారు మాకు. అమ్మకు అక్కడే ప్రాణం లేచొచ్చింది.

కానీ రెండు విషయాలు ఫోన్‌లోనే తేల్చుకోండి. కొన్ని సత్రాలు ఒకే సామాజిక వర్గానికి గదులిస్తాయి. కొన్ని రెండు మూడు రోజులకు మించి ఉండనివ్వవు. మీకు తొమ్మిది రాత్రులు కావాలి కదా, ఆ మాట మొదటే చెప్పండి.

లాడ్జిలో ఈ నియమాలేవీ ఉండవు, డబ్బు కడితే గది. అక్కడ అడగాల్సింది చెక్‌-అవుట్ సంగతి. దిగిన వేళ నుంచి 24 గంటలా, లేక ఎప్పుడు దిగినా మధ్యాహ్నం 12కే ఖాళీ చేయాలా? రైలు తెల్లవారుజామున చేరితే ఈ రెండో లెక్కలో ఒక రోజు అద్దె అదనంగా పడుతుంది.

ఇక హోమ్‌స్టే. కేంద్ర పర్యాటక శాఖ పథకం ప్రకారమైతే యజమాని కుటుంబం ఆ ఇంట్లోనే ఉండాలి, అద్దెకిచ్చే గదులు ఆరుకు మించకూడదు. అలాంటి ఇల్లు దొరికితే పెద్దవాళ్లకు హాయి. అర్ధరాత్రి వేడినీళ్లు కావాలన్నా తలుపు తట్టొచ్చు. అయితే బోర్డు పెట్టిన ప్రతిదీ హోమ్‌స్టే కాదు. తాళాలిచ్చే కుర్రాడు తప్ప ఎవరూ లేని ఇళ్లూ ఉన్నాయి. "మీరు ఆ ఇంట్లోనే ఉంటారా?" అని సూటిగా అడగండి.

నా సలహా నాన్నగారి వైపే. ముందు సత్రానికి ఫోన్ చేసి కింది అంతస్తు గది, వెస్ట్రన్ కమోడ్ ఉన్నాయా అని అడగండి. లేవంటే మీ అమ్మాయి మాట వినండి, కానీ ఘాట్ పక్క సందుల్లో వద్దు. సోనార్‌పురా, భేలూపూర్ వైపు ఈ-రిక్షా గుమ్మం దాకా వచ్చే ఇల్లు చూడండి. ఘాట్ పక్క సందుల్లోకి బండి రాదు, రైలు దిగిన అలసటతో ఆమె నడవాల్సి వస్తుంది. సోనార్‌పురా వైపు నుంచి కేదార్ ఘాట్ దగ్గరే. నాన్నగారిని మధ్యాహ్నం ఒక పూట సత్రం భోజనానికి తీసుకెళ్లండి, ఆయన ముచ్చటా తీరుతుంది.

ఇంకొకటి. కార్తీక పౌర్ణమికి అక్కడ దేవ్ దీపావళి. ఘాట్లన్నీ దీపాలే, గదులు మాత్రం దొరకవు, దొరికినా అద్దె మండిపోతుంది. మీ తొమ్మిది రాత్రుల్లో పౌర్ణమి ఉంటే ఈ వారమే ఫోన్లు మొదలుపెట్టండి.